రాజపాళయంలో కనబడిన పాండా

నా స్నేహితురాలు పద్మ మామిడిపళ్లు తినడానికి రమ్మని ఫోన్ చేసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మెడికల్ కాలేజీలో ఉన్నన్నాళ్లూ మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆమె నా పళ్లెంలో ఒక వడ ఎక్కువ వేసిందంటే సాయంత్రానికల్లా ఏదో పని అంటగట్టేది. అలాంటి మనిషి ఇన్నేళ్ల తర్వాత "కొండ చూపిస్తా, మా సప్పట్టై మామిడిపళ్లు బుట్టలకొద్దీ పెడతా, ఊరికే వచ్చిపో" అంటోంది. ఆ 'ఊరికే' అన్న మాట నాకు మింగుడుపడలేదు.

పద్మది తమిళనాడులోని రాజపాళయం. వాళ్ల పెద్దలు కొన్ని వందల ఏళ్ల కిందట తెలుగునేల నుంచి దిగివెళ్లి ఆ ఊరు కట్టుకున్నారట. ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. అక్కడ ఆమెకు సొంత స్కాన్ సెంటర్ ఉంది. నేనూ అదే వృత్తి. స్కాన్ బొమ్మలు చూసి రిపోర్టు రాసే డాక్టర్ని, ఈమధ్యే రిటైరయ్యాను. అనుమానించడమే మా ఉద్యోగం. అది ఇంటిదాకా వచ్చేసింది. పాల ప్యాకెట్ మీద తేదీ చూడందే కత్తెర పెట్టను. "నీకు దేవుడు ప్రత్యక్షమైనా ఆధార్ కార్డు అడుగుతావు" అంటారు మావారు. గుంటూరు ఎండలకు తాళలేక, ఆ అనుమానాన్ని కూడా పెట్టెలో సర్దుకుని బయల్దేరాను.

శ్రీవిల్లిపుత్తూరు కోవా

మదురై నుంచి వెళ్తుంటే రాజపాళయానికి ముందు శ్రీవిల్లిపుత్తూరు వస్తుంది. అక్కడి పాలకోవా పేరుమోసింది కదా అని దిగాను. కొట్టువాడు రుచి చూడమని చిన్న ముద్ద ఆకులో పెట్టిచ్చాడు. పిండి కలిపాడేమోనని వేళ్ల మధ్య నలిపి చూశాను. ఆయన చూస్తూ ఊరుకుని, చివరికి అచ్చ తెలుగులో అడిగాడు.

"ఏమమ్మా, తినేదానికి వచ్చినారా, టెస్టు చేసేదానికి వచ్చినారా?"

తెలుగు వినేసరికి ఉలిక్కిపడ్డాను. నేను తెలుగుదాన్నని ఎలా తెలుసని నిలదీశాను. బస్సు దిగుతూ నేను ఫోన్లో అరిచింది బజారంతా విన్నదన్నాడు.

"మీది సినిమా తెలుగమ్మా. మాది ఇంటి తెలుగు. మీరు చెప్పేది మాకు అర్థమయ్యేది, ఆనా నవ్వు వచ్చేది" అన్నాడు. వాళ్ల మాటల్లో 'ఆనా' అంటే 'కానీ' అని తర్వాత తెలిసింది.

కోవా కమ్మగా ఉంది. వేడి మీదే ఇచ్చాడు. మా ఊళ్లో ఆ డబ్బుకు ఇందులో సగం కూడా రాదు. ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నాడని మళ్లీ అదొక అనుమానం. అలా అనుమానిస్తూనే పొట్లంలో సగం బస్సులో ఖాళీ చేశాను.

షేర్ ఆటో, తెల్ల కుక్క

రాజపాళయంలో షేర్ ఆటో ఎక్కితే, పక్కన ముగ్గురు మిల్లు ఆడవాళ్లు, జడల్లో మల్లెపూలు, పూల మీద సన్నగా పత్తి దుమ్ము. ఆటో మిల్లు గోడ పక్కనే ఎంతసేపటికీ పోతూనే ఉంది. ఊరు కొత్తని నన్ను తిప్పుతున్నాడని తేల్చుకుని, మధ్యలో దిగిపోయాను. "ఇంకా దూరమమ్మా" అని అతను అరుస్తున్నా వినలేదు. పెట్టె ఈడ్చుకుంటూ నడిచాక తెలిసింది, ఆ గోడ నిజంగానే అంత పొడుగుది. పద్మ ఇల్లు చేరేసరికి చీర తడిసి ముద్దయింది.

గేటు దగ్గర పాలలా తెల్లని కుక్క, ముక్కు మాత్రం గులాబీ రంగు. ఈ ఊరి పేరుతోనే ఆ జాతిని పిలుస్తారు. ఇంటివాళ్లను తప్ప ఎవర్నీ నమ్మదట. అది నన్ను పైనుంచి కిందికి చూసింది, నేనూ దాన్ని అలాగే చూశాను. ఉన్నన్ని రోజులూ మా ఇద్దరి మధ్యా స్నేహం కుదరలేదు.

మామిడిపళ్ల మాట అబద్ధం కాదు. నిజంగానే బుట్ట నిండా ఉన్నాయి. రెండు తిన్నాక, "సరే, పని ఏంటో చెప్పు" అన్నాను. పద్మ నవ్వి, ఇంకో పండు కోసింది.

స్కాన్ సెంటర్

మర్నాడు పొద్దున కాఫీ చేతికిచ్చి, "ఒక పడం చూస్తావా?" అంది. అక్కడ బొమ్మను పడం అంటారు. ఎవరిది, వయసెంత, ఏం బాధ అని అడిగితే, "ముందు చూడు, అప్పురం చెప్తా" అని తెర నా వైపు తిప్పింది.

అది మెదడు ఎంఆర్ఐ. మెదడు లోతుల్లో, కదలికల్ని అదుపుచేసే ముద్దలు రెండు వైపులా ఉంటాయి. మామూలుగా ఆ బొమ్మలో అవి బూడిదరంగులో ఉండాలి. ఇక్కడ రెండూ తెల్లగా మెరుస్తున్నాయి. కిందికి జరిపాను. మెదడు కాండం పై భాగాన్ని అడ్డంగా కోసినట్టు చూపించే పొరలో, తెల్లటి మొహం, అందులో రెండు నల్లటి కళ్లు, పక్కన చెవులు. పుస్తకాల్లో చూసిందే, నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువసార్లు చూసింది.

"పాండా" అన్నాను.

పద్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నేనూ అదే రాసినా. ఎవరూ నమ్మలే."

మెదడు బొమ్మలో ఈ పాండా మొహం కనబడే జబ్బును విల్సన్ జబ్బు అంటారు. మనం తినే ప్రతిదాంట్లో కాస్త రాగి ఉంటుంది. మిగిలిన రాగిని కాలేయం బయటికి పంపేస్తుంది. ఈ జబ్బున్నవాళ్లకు పుట్టుకతోనే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. రాగి ముందు కాలేయంలో పేరుకుంటుంది, తర్వాత మెదడుకు చేరుతుంది. చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, చదివే పిల్లలు ఉన్నట్టుండి వెనకబడతారు. మాత్రలతో రాగిని బయటికి లాగవచ్చు. కానీ జీవితాంతం వాడాలి. వాడకపోతే మనిషి దక్కడు. ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

బొమ్మ జగదీశ్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడిది. సొంతూరు మంసాపురం, ఇక్కడికి దగ్గరే. రాజపాళయంలో మేనమామ ఇంట్లో ఉండి పాలిటెక్నిక్ చదివేవాడు. ఏడాదిగా చేతిరాత పాడైంది, గ్లాసు ఎత్తితే నీళ్లు ఒలుకుతున్నాయి. ఒకరోజు అత్త ఇంట్లో పడిపోతే, ఆ అత్తే తీసుకొచ్చి స్కాన్ చేయించింది. ఆమె పేరు కనకం.

"వాళ్ళమ్మా నాయనా ఏమంటారంటే, కనకమే మరుందు వెచ్చిందంట" అంది పద్మ.

మన వైపు మందు పెట్టడం అంటామే, అదే. కనకానికి పెళ్లీడు కూతురు ఉంది. మేనరికం ప్రకారం జగదీశ్ ఆ పిల్లకు వరుస. కుర్రాడు తమ గడప దాటకుండా ఉండాలని అన్నంలో వశం మందు కలిపిందనీ, అది వికటించిందనీ తల్లిదండ్రుల నమ్మకం. స్కాన్ తర్వాత చేయాల్సిన రక్తపరీక్షలకు ఒప్పుకోకుండా, మందు తీసేవాడి దగ్గరికి తిప్పుతున్నారు.

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. ఆనా ఈ ఊళ్ళో అందరూ అందరికీ చుట్టాలే. కనకం మా పిన్నమ్మ కూతురు. ఆమెను కాపాడేదానికి నేను లేని జబ్బు రాసినా అంటాడు జగదీశ్ నాయన. నువ్వు ఎవరికీ చుట్టం కావు. నీ మాట వింటారు."

మామిడిపళ్ల బరువు అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది కానీ, బొమ్మ చూశాక పెట్టె సర్దుకుని పోలేకపోయాను. దానితోపాటు ఇంకో ఆలోచన కూడా నన్ను వదల్లేదు. కల్తీ సారా తాగినవాళ్ల మెదడులోనూ దెబ్బతినేది ముందుగా ఆ ముద్దలే. పాండా మొహం విల్సన్ వైపే గట్టిగా వేలు చూపిస్తుంది, నిజమే. అయినా బొమ్మ ఒక్కదాన్నే పట్టుకుని విషం కాదని నేను సంతకం పెట్టను. పైగా నింద మోస్తున్న మనిషే ముందుండి స్కాన్ ఎందుకు చేయించినట్టు?

కనకం ఇంట్లో ఇడియాప్పం

మిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. కనకం భర్త షిఫ్టుకు వెళ్లాడు. మన ఇళ్లలో అతిథి రాగానే కాఫీనా టీనా అంటాం. ఇక్కడ ముందు నీళ్లు. మూల పీట మీద రాగి బిందె, చింతపండుతో తోమి ధగధగా మెరుస్తోంది. దాన్ని వాళ్లు కుడం అంటారు. చల్లటి నీళ్లు, తియ్యగా ఉన్నాయి.

తర్వాత ఇడియాప్పం, ఆవిరికి ఉడికించిన బియ్యప్పిండి పోగులు, కొబ్బరిపాలతో పెట్టింది. నేను ఆకు ముందు కూర్చుని, ఆ గిన్నెలోంచే ఆమె కూతురికి కూడా వడ్డిస్తుందా లేదా అని చూస్తున్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

"మీరు కూడా చూస్తా ఉండారు డాక్టరమ్మా" అంది కనకం. గొంతులో కోపం లేదు. నా ఆకులోంచే చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. "ఇప్పుడు తినండి. ఈ వీధిలో నా చేతి నీళ్ళు తాగేది మానేసినారు. మా జగదీశ్ చదువుకోవాలని ఇంట్లో పెట్టుకుంటిని. అడిగితే పిల్లని ఇచ్చేవాళ్ళమే గదా, మరుందు ఎందుకు వెచ్చేది నేను?"

సిగ్గుపడి, తల వంచుకుని తిన్నాను.

"ఒకటి చెప్పండి. ఆ పడంలో మరుందు కనపడతాదా? కనపడకపోతే లేదని రాసివ్వండి. కోయిల్లో పెట్టి అందరికీ చదివిస్తా."

గుళ్లో చదివించడానికి నేనేం రాయగలను? బొమ్మ ఒక్కటే సరిపోదు, రక్తం, మూత్రం, కళ్లు చూడాలి అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. ఆమె స్కాన్ చేయించింది తన పేరు కోసమా, కుర్రాడి కోసమా అన్నది ఆ రోజు నేను తేల్చుకోలేకపోయాను.

సత్రపట్టి: నాకూ మందు పెట్టారు

మందు తీసేవాణ్ని చూడాలన్నాను. పద్మ తల కొట్టుకుని పంపింది. టౌన్ బస్సులో సత్రపట్టి దాటి వెళ్లాలి. దారంతా కట్లకు వాడే పల్చటి గుడ్డ బారలకొద్దీ ఎండబెట్టి ఉంది. నేను ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో వాడిన కట్టుగుడ్డ ఇలాంటి చోటినుంచే వచ్చిందా అని బస్సు దిగాక కాసేపు నిలబడి చూశాను.

ఒక తోటలో, తాటాకు పందిరి కింద ఆయన. వరుసగా జనం. నేను డాక్టర్నని చెప్పలేదు, కడుపులో బాధ అన్నాను. ఆయన నా పొట్ట మీద చిన్న గొట్టం ఆనించి నోటితో పీల్చి, పళ్లెంలో ఉమ్మాడు. ఉసిరికాయంత నల్లటి ముద్ద పడింది.

"చూసినారా? మీకు కూడా వెచ్చినారు. మీ ఇంటికి వచ్చిపొయ్యే ఆడమనిషే. మీకు మరదలు వరుస."

ముద్ద ఆయన బుగ్గలోంచే వచ్చింది. పీల్చకముందే ఎడమ దవడ ఉబ్బి ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. మరదలు లేని ఆడవాళ్లు దేశంలో ఎంతమంది? ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, తిరిగొచ్చే బస్సులో నేనేం చేశానో చెప్పడానికి మొహమాటంగా ఉంది. మా మరదలు ఉగాదికి తెచ్చిన గోంగూర పచ్చడి గురించి ఆలోచించాను. అది తిన్నాకే కదా నాకు ఆమధ్య కడుపులో మంట మొదలైంది? వాళ్లింట్లో అదే సీసా ఎందుకు తెరవలేదు? రాజపాళయం బస్టాండు వచ్చేసరికి మా మరదలి మీద కేసు పూర్తిగా కట్టేశాను.

దిగాక నవ్వుకున్నాను కానీ, లోపల భయం వేసింది. ఇంత చదువుకుని, మోసం కళ్లారా చూసి కూడా నేను ఒక బస్సు దూరం నమ్మాను. కళ్లముందు కొడుకు వణుకుతుంటే ఆ తల్లి నమ్మదా?

మంసాపురం

జగదీశ్ తండ్రి గురుసామి రైతు. తల్లి సుశీల. పదమూడేళ్ల చెల్లెలు భువన, నన్ను చూసి తలుపు వెనక్కి వెళ్లింది. జగదీశ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతులు చాచమంటే, పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి. పెదవి చివర చొంగ తుడుచుకుంటున్నాడు. కళ్లలో మాత్రం మనిషి పూర్తిగా ఉన్నాడు.

"అత్త... ఏమీ... పెట్టలే" అన్నాడు, ఒక్కో మాటా లోపలినుంచి తవ్వి తీస్తూ.

"చూసినారా?" అన్నాడు గురుసామి. "మరుందు ఇంకా పని చేస్తా ఉండాది. ఈ స్థితిలో కూడా ఆమె పక్కమే మాట్లాడతాడు."

ఇలాంటి మనిషితో వాదించి లాభం లేదు. అందుకని ఉన్న నిజమే చెప్పాను. "బొమ్మ చూస్తే నాకు పుట్టుకతో వచ్చిన జబ్బనిపిస్తోంది. కానీ విషం కాదని నేను ప్రమాణం చేయను. కళ్లు, రక్తం, మూత్రం చూస్తే తెలిసిపోతుంది."

గురుసామి మొహం వెలిగింది. మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. "పద్మక్క ఎప్పుడూ ఇట్లా చెప్పలే. విషమని తేలితే రాసిస్తారు గదా?"

రాసిస్తానన్నాను. అతను ఒప్పుకున్నది కొడుకు జబ్బు తెలుసుకోడానికి కాదు, కనకం మీద రుజువు దొరుకుతుందని. ఏదైతేనేం, ఒప్పుకున్నాడు. సుశీల పచ్చి వేరుశనక్కాయలు ఉడికించి పెట్టింది. ఈసారి ఎవరినీ చూడకుండా తిన్నాను.

మళ్లీ మంసాపురం

రిపోర్టులు మదురై నుంచి రావాలి. ఈలోపు పద్మ నన్ను అయ్యనార్ జలపాతానికి తీసుకెళ్లింది. నీళ్లు లేవు, కోతులు మాత్రం ఉన్నాయి, వాటిలో ఒకటి నా కళ్లద్దాల పెట్టె ఎత్తుకుపోయింది. ఆ కోతిని మొదటినుంచీ అనుమానించాను, అయినా లాభం లేకపోయింది.

రిపోర్టులు వచ్చాయి. కంటి డాక్టరు దీపం పెట్టి చూస్తే, జగదీశ్ నల్లగుడ్డు అంచున గోధుమ, ఆకుపచ్చ కలిసిన వలయం. రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ అడుగంటింది. మూత్రంలో రాగి విపరీతం. ఇక నాకే అనుమానం మిగల్లేదు. మదురైలో నరాల డాక్టరు కూడా అదే చెప్పి మాత్రలు రాశాడు. గురుసామి కొన్నాడు కానీ మొదలుపెట్టలేదు, నేనొచ్చి చెప్పాలన్నాడు.

నేను, పద్మ వెళ్లి నడవాలో కూర్చున్నాం. "విషం కాదు" అని మొదలుపెట్టాను. "జగదీశ్ ఒంట్లో రాగి పేరుకుపోయింది. కాలేయంలో, మెదడులో..."

సుశీల ఒక్కసారిగా లేచి నిలబడింది. "రాగి కుడం!"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత కనకం ఇంట్లో పీట మీద మెరిసిన బిందె గుర్తొచ్చింది.

"వొదిన ఇంట్లో రాగి కుడం నీళ్ళే గదా తాగినాడు, రెండేళ్ళు! నేను చెప్పలేదా?" అంటూ భర్త భుజం పట్టుకుని ఏడ్చింది. వాళ్ల కేసులో అన్నీ ఉన్నాయి, సాక్ష్యం ఒక్కటే తక్కువైంది. నేను గుంటూరు నుంచి వచ్చి అది చేతిలో పెట్టాను.

ఆ నీళ్లతో ఈ జబ్బు పుట్టదని చెప్పాను. ఇప్పుడు అతనికి ఆ నీళ్లు వద్దు, నిజమే, కానీ జబ్బు మాత్రం పుట్టుకతో వచ్చింది, తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం, సగమే ఉన్నవాళ్లకు జబ్బు రాదు అన్నాను. కనకం, ఆమె భర్త, కూతురు అదే బిందె నీళ్లు తాగి బాగానే ఉన్నారు కదా అన్నాను.

"వాళ్ళకు వేరే నీళ్ళు ఉంటాది" అన్నాడు గురుసామి. "మా రెండు ఇళ్ళలో ఈ జబ్బు ఎవరికీ లేదు. మా రక్తంలో ఉండాదంటే మేము ఒప్పుకోము. ఇంగ ఆ నీళ్ళు మానేసినాడు గదా. తానే బాగవుతాడు. జీవితాంతం మాత్ర ఎందుకు?"

నాకు భయం వేసింది ఆ మాటకే. కనకం పరువు మాట ఎలా ఉన్నా, మాత్ర వేయకపోతే ఈ కుర్రాడు మిగలడు.

పద్మ కలగజేసుకుని, భువనను కూడా పరీక్ష చేయించాలంది. తోబుట్టువుల్లో నాలుగింట ఒకరికి ఉండవచ్చు, పైకి కనబడకముందే పట్టుకుంటే పిల్లకు ఏమీ కాదు. గురుసామి చాలాసేపు కూతురు వైపు చూశాడు.

"సరి. భువన ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండలే. దీనికీ ఉంటే మా రక్తమే, నేను ఒప్పుకుంటా, మాత్రలూ వేస్తా. లేకపోతే ఆ కుడమే. మీరూ ఒప్పుకోవాల."

అలా కాదు, లేకపోయినా అది రుజువు కాదు, నాలుగింట మూడుసార్లు ఉండదు అని ఎంత చెప్పినా అతని చెవికెక్కలేదు. పిల్లకు జబ్బు ఉంటే కనకం బయటపడుతుంది, జగదీశ్‌కు మాత్ర పడుతుంది. పిల్ల క్షేమంగా ఉంటే ఇద్దరూ మునుగుతారు. తిరుగు దారిలో ఏది జరగాలని కోరుకోవాలో తెలియక నాకు ఏడుపొచ్చింది.

రాజపాళయం, చివరి రోజు

టికెట్టు మార్చుకుని ఉండిపోయాను. ఫలితం వచ్చే రోజు అందరూ స్కాన్ సెంటర్‌కు వచ్చారు. గురుసామి కుటుంబం బెంచీ మీద. కనకం వాళ్లకు దూరంగా, మెట్ల దగ్గర, ఒడిలో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని. పందెం సంగతి ఆమెకు తెలుసు. పద్మే చెప్పింది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "ఏమని మొక్కుకున్నావు?" అని అడిగాను. అడక్కూడని ప్రశ్నే.

"ఏమని మొక్కేది డాక్టరమ్మా? పాపకు ఉండాలని మొక్కేదా?" అని తల తిప్పుకుంది.

పద్మ కాగితాలతో బయటికి వచ్చింది. భువన కళ్లలో వలయం లేదు. రక్తం బాగుంది, మూత్రంలో రాగి మామూలే, కాలేయం బాగుంది. జన్యు పరీక్ష కూడా చేయిస్తే ఖాయమవుతుంది, కానీ ఇప్పటికి భయం లేదు.

గురుసామి లేచాడు. మెట్ల వైపు తిరిగి, "ఇప్పుడేం చెప్తావు?" అన్నాడు.

కనకం ఆ మాట విన్నట్టు లేదు. క్యారియర్ మెట్టు మీద వదిలేసి పరుగున వచ్చి, భువన మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "లేదంట తల్లీ! నీకు లేదంట!" అంటూ పిల్లకు దిష్టి తీసి మెటికలు విరిచింది. గురుసామి ఇంకోసారి అడిగితే అప్పుడు తలెత్తింది. "అన్నా, నన్ను ఏమన్నా అనుకో. ఊరంతా చెప్పుకో. పాపకు లేదు, నాకు అది చాలు. మా జగదీశ్‌కు మాత్రం మాత్ర వెయ్యి. నీ కాళ్ళకు దండం పెడతా."

నేను అలవాటు కొద్దీ ఆమె మొహంలో నటన వెతికాను. సుశీల కూడా వెతుకుతూనే ఉంది. అక్కడ పిల్ల మీది సంతోషం తప్ప ఇంకేమీ దొరకలేదు.

సుశీల మెల్లగా వెళ్లి మెట్టు మీది క్యారియర్ తెచ్చి కనకం ముందు పెట్టింది.

"వొదినా, పొద్దున్నుంచి జగదీశ్ ఏమీ తినలే. అన్నం పెట్టు."

"నేనా?" అంది కనకం.

"నీ చేత్తోనే."

కనకం మూత తీయబోతుంటే నేను ఆపాను. ఆ మాత్ర పరగడుపున వేయాలి, అన్నం గంట తర్వాతే. ఇంకెప్పుడైనా ఆ సంగతి చెప్పవచ్చు. కానీ ఈరోజు కాకపోతే రేపు మొదలవుతుందన్న నమ్మకం నాకు లేదు.

సుశీల చేతిసంచీ తెరిచింది. మాత్రలు ఇంటినుంచి వెంట తెచ్చుకునే ఉంది. భర్త మొహం చూడకుండా ఒకటి తీసింది. గురుసామి పక్కకు తిరిగి నడిచాడు. వెళ్లిపోతున్నాడనే అనుకున్నాను. గ్లాసుతో నీళ్లు పట్టుకుని వచ్చి, కొడుకు చేయి వణక్కుండా తన చేత్తో పట్టుకుని తాగించాడు.

అతను నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ గంటసేపు మూత తీయని క్యారియర్ చుట్టూ అందరూ కూర్చున్నారు. ఒకసారి జగదీశ్ "ఆకలి అత్తా" అన్నాడు. "ఇంకొంచెంసేపు కన్నా" అంది కనకం, గోడ గడియారం వైపు చూస్తూ.